ఐలవ్వ మొరటు చెయ్యి

మాది సుల్తానాబాద్ దగ్గర ఒక చిన్న ఊరు. వరి మళ్ల మధ్య పుట్టి పెరిగాను. నాకు తెలిసిన నీళ్లన్నీ మోకాలి లోతువే. అలాంటి నన్ను తెచ్చి సర్కారు గంగ ఒడ్డున పడేసింది. గోదావరిని మా దిక్కు గోదావరి అని ఎవరూ అనరు, గంగ అనే అంటారు. గంగకు ఈవల కరీంనగర్ జిల్లా, ఆవల ఆదిలాబాద్ జిల్లా. రెండు ఒడ్ల ఊళ్లూ తిరిగి పిల్లలకు మశూచి టీకాలు వెయ్యాలి, కలరా అన్న మాట వినపడితే పెద్దవాళ్లకూ సూది పొడవాలి. అదీ నా కొలువు. సూదుల సారు అని పేరు పెట్టారు. నన్ను చూసి పిల్లలు గడ్డివాముల వెనక దాక్కునేవారు. పడవను చూసి నాకూ అలాగే దాక్కోవాలని ఉండేది గాని, జీతం తీసుకునేవాడికి ఆ సౌకర్యం లేదు.

ఆ రేవులో పడవ నడిపేవాడు అంతయ్య. యాభై దాటిన బెస్త మనిషి. సన్నగా, నల్లగా ఉంటాడు, మాట తక్కువ. మనిషి ఎంత మెత్తనో చెయ్యి అంతకన్నా మెత్తన. పడవను నెట్టే గడ అతను వేస్తే చప్పుడు వచ్చేది కాదు. వాళ్ల ఇంటి పద్ధతి అది. పొద్దున మొదటిసారి గడ దించేముందు గంగను తాకి కళ్లకు అద్దుకోవాలి, ఆ తర్వాత రోజంతా గంగకు దెబ్బ తగలకుండా గడ వెయ్యాలి. గడ చప్పుడైతే తల్లిని కొట్టినట్టే లెక్క. తండ్రి అలా నేర్పాడట, ఆ తండ్రికి ఆయన తండ్రి నేర్పాడట. నాలాంటి భయస్తుడికి ఆ నిశ్శబ్దం ఎంత ధైర్యమో చెప్పలేను. అంతయ్య గడ పట్టుకుని నిలబడితే నేను కళ్లు తెరుచుకుని కూచునేవాణ్ని. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నా దగ్గర లేదు.

అతని భార్య ఐలవ్వ అతనికి పూర్తిగా ఎదురు. ఐలవ్వ చెంబు కింద పెడితే వాడ చివరికి వినపడేది. తలుపు వేస్తే గోడ మట్టి రాలేది. చేపను కొయ్యమంటే ఒక్క దెబ్బకు తల ఆ పక్క, మొండెం ఈ పక్క. వల అల్లబోతే దారం తెగేది. అత్త కిష్టవ్వ బతికున్నన్నాళ్లూ "దీనిది మొరటు చెయ్యి" అని వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పుకుంది. వల ముట్టనివ్వలేదు, బర్రె పాలు పితకనివ్వలేదు. ఇక పడవ సంగతి సరేసరి. ఆ ఊరి బెస్త ఆడవాళ్లు చేపలు అమ్ముతారు, తడి వలలు ఆరేస్తారు గాని, పడవ తోక దగ్గర కూచోరు. పడవను నడిపే చోటు అది, మగవాళ్ల చోటు. కిష్టవ్వ పోయి చాలా కాలమైనా ఆమె పెట్టిన పేరు పోలేదు. నాకు మంచినీళ్లు ఇచ్చినప్పుడల్లా చెంబు ఠంగుమనేది, ఆ వెంటనే ఐలవ్వ మొహం చిన్నబోయేది. ఇప్పుడు తిట్టేవాళ్లు ఎవరూ లేరు, అయినా తిట్టు కోసం ఆగినట్టు ఒక క్షణం ఆగేది.

ఒక వానాకాలం అంతయ్య భుజం పోయింది. వరద జోరులో గడ బండల మధ్య ఇరుక్కుంది, ప్రవాహం పడవను లాగింది. గడను వదిలేస్తే సరిపోయేది, అంతయ్య వదల్లేదు. పడవ నిండా జనం ఉన్నారు మరి. కుడి భుజం కీలు తప్పింది. ఎముకలు కట్టే ఆయన సరిచేశాడు గాని ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసింది. గడ వేసే పని ఇక లేనట్టే. వేరే మనిషిని పెట్టుకుందామంటే, ఊళ్లో వయసులో ఉన్నవాళ్లంతా బొగ్గు బాయిల బాట పట్టారు. బొగ్గు గనిని మా దిక్కు బాయి అంటారు. బెల్లంపల్లి ఎప్పటినుంచో ఉన్నదే, కొత్తగా ఈ ఒడ్డున రామగుండం దిక్కు కూడా తవ్వుతున్నారు. అంతయ్య తమ్ముడు హనుమండ్లు బెల్లంపల్లిలోనే పనిచేస్తాడు. "నువ్వు గూడ రా అన్నా, బాయి మీద బొగ్గుల రాళ్లేరే పని ఇప్పిస్త" అని కబురు పంపాడు.

సరిగ్గా అప్పుడు మోటారు వచ్చింది. కొత్తగా పంచాయతీ సమితులు పెట్టిన రోజులవి. గంగ మీద ఎక్కడో ఆనకట్ట కోసం కొలతలు తీసే జట్టు ఒకటి ఆ ఒడ్డున గుడారాలు వేసి, పని ముగించుకుని వెళ్తూ తమ పాత మోటారును సమితికి వదిలేసింది. సమితి వాళ్లు దాన్ని రేవుకిచ్చారు. పడవ తోకకు బిగించే రకం. పైన తలకాయ, కింద నీళ్లలోకి దిగే పొడుగాటి కాలు, కాలి చివర పంకా. పక్కన ఒక చిన్న పిడి. పిడి ముందుకు నూకితే పడవ ముందుకు పోతుంది, వెనక్కి లాగితే వెనక్కి. నడుమ ఉంటే ఇంజను ఊరికే అరుస్తుంది. కొలతల జట్టు డ్రైవరు ఇంతవరకు నేర్పి వెళ్లిపోయాడు.

మోటారుతో అంతయ్య మళ్లీ మనిషయ్యాడు. ఎడమ చేత్తో తాడు చుట్టి లాగేవాడు. అది దగ్గి, తుమ్మి, ఇంత పొగ వదిలి అందుకునేది. సాయంత్రం పాత ధోతి ముక్కతో దాన్ని ఒళ్లంతా తుడిచేవాడు.

"గిది లేకుంటె నేను గంగను ఇడిశి బాయికి పోవాల్సినోన్ని సారూ," అని ఒకసారి నాతో అన్నాడు. "గంగ కనవడని తాన నేనెట్ల బతుకుత?"

దానికి జవాబు తర్వాత ఐలవ్వ చెప్పింది. భుజం పోయిన కొత్తలో ఇద్దరూ బెల్లంపల్లి వెళ్లి హనుమండ్లు ఇంట్లో కొన్నాళ్లు ఉండి చూశారట.

"వరుసకు ఇండ్లు సారూ. కరెంటున్నది, అన్నీ ఉన్నయి. ఈయన పొద్దుగాల లేసి కుళాయి కాడ నిలవడేది. నీళ్లు పట్టుకునుడు గాదు, ఊకె సూసుకుంట నిలవడేది. ఆడోళ్లు నవ్వుతుండిరి. నాకు నవ్వు రాలే. గీ మనిషిని ఈడ ఉంచితె దక్కడని తీస్కొచ్చిన."

ఏడాది గడిచింది. ఆ దసరా వెళ్లాక మోటారు మొరాయించడం మొదలుపెట్టింది.

మొదటిసారి నేను పడవలోనే ఉన్నాను, నా అదృష్టం అలాంటిది. నడిగంగలో, ప్రవాహం జోరుగా ఉండే చోట, ఉన్నట్టుండి ఇంజను గొంతు పెంచి గీపెట్టింది. పడవ ముందుకు పోవడం మానేసి పక్కకు కొట్టుకుపోసాగింది. నేను కూచున్న చెక్కను రెండు చేతులా పట్టుకున్నాను. చూస్తే పిడి దానంతట అదే నడుమకు వచ్చేసింది. అంతయ్య మళ్లీ మెల్లగా ముందుకు నూకాడు. కటకటమని పళ్లు కొరికినట్టు చప్పుడైంది, ఆ తర్వాత అందుకుంది. ఆ రోజు నుంచి వారానికోసారి, ఆపైన రోజూ, ఆపైన రోజులో పలుమార్లు అదే వరస.

రోగం వచ్చినవాడికి సలహాలు చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు బాగా తెలుసు. మోటారుకు అంతకన్నా ఎక్కువమంది దొరికారు. పంకాను ఇరుసుకు పట్టి ఉంచే మేకు విరిగిందన్నాడు ఒకాయన. విప్పి చూస్తే మేకు నిక్షేపంగా ఉంది. గేరు నూనె చూడండని నేనన్నాను. కాలిలోంచి తీస్తే నూనె గంజిలా తెల్లగా వచ్చింది, నీళ్లు చేరాయి. రోగం దొరికిందని సంతోషించాం. పెద్దపల్లి పోయే లారీ డ్రైవరు చేత కొత్త నూనె తెప్పించి పోశాం, మూతకు కొత్త తోలు ముక్క వేశాం. మర్నాడు నడిగంగలో మళ్లీ అదే కథ. ఆ తర్వాత సైకిళ్లు బాగుచేసే కొమురెల్లి వచ్చి, పిడి నుంచి కిందికి దిగే కమ్మి కీలు వదులైందన్నాడు. నిజంగానే వదులైంది. పిడి పూర్తిగా ముందుకు పోయినా కింద గేరు సగమే కలుస్తోందట. బిగించాడు. కొన్నాళ్లు బాగుపడింది, అంతయ్య మొహంలోకి కళ వచ్చింది. ఆ కొన్నాళ్లూ ఐలవ్వ నా ముందు చెంబు మెల్లగా పెట్టడానికి కూడా ప్రయత్నించింది, ఏం మొక్కుకుందో పాపం. తర్వాత పిడి మళ్లీ జారింది.

పిడి నడుమకు వస్తోంది కదా, రానివ్వకుండా తాడుతో కట్టేస్తే? ఈ ఆలోచన అంతయ్యకే వచ్చింది, విసిగి ఉన్నాడు. ఆ రోజు పడవలో ఆవలి ఒడ్డు మేకల బేరగాడు రాయమల్లు, అతని మేకలు, నేను, మరికొంతమంది. కట్టిన పిడి కదల్లేదు. నడిగంగ దాటాం, అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఒడ్డు దగ్గరపడ్డాక తాడు విప్పబోతే ముడి తడిసి బిగుసుకుపోయింది. అంతయ్య ముడి పీకుతున్నాడు, పడవ తన పాటికి తాను పోతోంది. ఇంజను ఆర్పాలని తోచేసరికి రేవు బండను గుద్దుకుంది. మేకలు నీళ్లలో పడ్డాయి. ఒక ముసలామె నా మీద పడింది, నేను రాయమల్లు మీద పడ్డాను. మేకలు ఈదుకుంటూ ఒడ్డెక్కాయి. మనుషులకు దెబ్బలు తగిలాయి గాని ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు.

రాయమల్లు చెడ్డవాడు కాదు. తడిసిన ధోతి పిండుకుంటూనే రెండు ఊళ్ల పెద్దలను పిలిపించి రేవులో కూచోబెట్టాడు. అరవలేదు.

"అంతన్నా, నీ మీద మాకు కోపం లేదు. మా అవ్వలు, మా పిల్లలు నీ చేతులనే దాటిండ్రు. కని పానాలతోని ఆట గాదు గద. మళ్లొకపారి నడిగంగల మోటరు ఇడిశిందంటె ఎగువ రేవు బెస్తోళ్లను పిలుస్తం. గడలేసేటోళ్లు ఆళ్ల తాన ఉన్నరు. నువ్వు మనసుల వెట్టుకోకు."

అంతయ్య తల ఊపాడు. "న్యాయమే," అన్నాడు. న్యాయమే, అందుకే నాకు ఒళ్లు మండింది. అన్యాయమైతే ఎవరినైనా తిట్టుకునే వీలుండేది.

ఆ రోజుల్లోనే దేవదాస్ సెలవు మీద వచ్చాడు. మా రేవు ఊరికి అల్లుడు. బెల్లంపల్లి బాయిలో హాలేజి ఇంజను నడుపుతాడు, అంటే బొగ్గు డబ్బాలను ఇనుప తాడుతో పైకి గుంజే యంత్రం. ఆవలి ఒడ్డున పడవెక్కి అందరితో కబుర్లు చెబుతున్నాడు. మోటారు అందుకుంది. అంతయ్య పిడిని పడుకున్న పిల్లకు దుప్పటి కప్పినట్టు మెల్లగా ముందుకు జరిపాడు. కటకటకట. దేవదాస్ మాటలాపి వెనక్కి తిరిగి చూశాడు. గంగమ్మ దయవల్ల ఆ పూట పిడి జారలేదు. అందరూ దిగాక అతను మాత్రం అంతయ్య దగ్గర నిలబడ్డాడు.

"అన్నా, గా గేరు జర ఇప్పి చూడొచ్చునా?"

"చూడు తమ్మీ. చూడనోళ్లు ఎవలున్నరు?" అన్నాడు అంతయ్య.

మర్నాడు పొద్దున ఇద్దరూ మోటారును దించి, ఇసుకలో గోనెపట్టా పరిచి పడుకోబెట్టారు. పడవ లేక నాకు ఆవలి ఊరి పని ఆగింది కాబట్టి నేనూ పక్కన కూచున్నాను. కొమురెల్లి పానాలు తెచ్చిచ్చి తన దుకాణానికి పోయాడు. దేవదాస్ కాలి అడుగుభాగం విప్పాడు. ఇరుసు బయటికి వచ్చింది. ఇరుసు మీద రెండు పళ్ల చక్రాలు, వాటి నడుమ వేలెడంత ఇనుప ముక్క, ముక్కకు రెండు చెంపలా బొడిపెలు. పిడి ముందుకు నూకితే ఆ ముక్క ముందు చక్రాన్ని పట్టుకుంటుంది, వెనక్కి లాగితే వెనక చక్రాన్ని. బొడిపెలు చక్రం గూళ్లలో కూచుంటేనే పంకా తిరుగుతుంది.

దేవదాస్ ఆ ముక్కను తుడిచి అంతయ్య అరచేతిలో పెట్టాడు. ఒక చెంప బొడిపెలు చప్పరించిన బెల్లం ముక్కల్లా గుండ్రంగా అరిగిపోయాయి. రెండో చెంప బొడిపెలు మూలలు పోకుండా కొత్తవాటిలా ఉన్నాయి.

"గా మంచిగున్నది వెనుకకు పోయేతందుకు. నువ్వు వెనుకకు ఎన్నడు పోవు గద, గందుకే అరగలే. గిది ముందటిది. మూలలు పోయినయి. బరువు పడంగనే జారుతది. నూనె వోసినా, కమ్మి బిగిచ్చినా గిది జారుడే."

"పాత మోటరాయె, అరుగుతది గద," అన్నాను నేను.

"పాతదయి అరగలే సారూ." దేవదాస్ అంతయ్య వైపు చూశాడు. చెప్పాలా వద్దా అన్న తడబాటు అతని మొహంలో కనిపించింది. "అన్నా, నువ్వు పిడి నూకుడు నిన్న సూశ్న. శానా మెల్లగ నూకుతవు."

"మరి గట్టిగ నూకితె ఇరగదా?" అన్నాడు అంతయ్య. "కొత్తల ఖట్‌మని మోగేది. మోగినప్పుడల్ల నా పానం సుక్కుమనేది. మెల్లమెల్లగ నూకుడు నేర్సుకున్న. కొన్నొద్దులకు కటకట అనవట్టింది. దానికి నొస్తున్నదేమోనని ఇంక మెల్లగ నూకిన."

"గదే అన్నా. ఖట్‌మంటె అది కుదురుకున్నట్టు. కటకట అంటె అది అరుగుతున్నట్టు."

దేవదాస్ రెండు పిడికిళ్లు ఎదురెదురుగా పెట్టి, ఒకదాని కణుపులు రెండోదాని సందుల్లో దూర్చి చూపాడు. ఒకటి తిరుగుతూ ఉంటుంది, ఒకటి ఆగి ఉంటుంది. ఒక్క దెబ్బకు కలిపితే కణుపు పోయి సందులో కూచుంటుంది. మెల్లగా దగ్గరికి తెస్తే కూచోకముందే కొసలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, కొట్టుకున్నప్పుడల్లా కొంచెం కొంచెం అరుగుతాయి.

"మా హాలేజికి గూడ గిట్లాంటిదే ఉంటది. కొత్తోడు భయపడి మెల్లగ వెడితె బొగ్గు డబ్బలు వెనుకకు ఉరుకుతయి. మెత్తగ వెడితె యంత్రానికి మంచిదనుకుంటరు అందరు. దానికి గదే సావు."

అంతయ్య ఆ ముక్కను అరచేతిలో తిప్పి తిప్పి చూశాడు. నాకు అతని మొహం చూడబుద్ధి కాలేదు. సూది మెల్లగా గుచ్చితే పిల్లకు ఎక్కువ నొప్పి అని కొలువులో చేరిన కొత్తలో నాకూ ఎవరో చెప్పాల్సి వచ్చింది. కాని నాది కొన్నాళ్ల అలవాటు, అంతయ్యది మూడు తరాల అలవాటు. ప్రేమగా చేశాననుకున్న పనే దాన్ని తినేసిందని వినడం చిన్న సంగతి కాదు. నాకు జాలి వేసింది, జాలిని దాచుకోవడానికి పానాలు సర్దాను.

"గంగకు దెబ్బ తగలొద్దన్నడు మా బాపు," అన్నాడు చివరికి. "గదే చెయ్యి దీనికి గూడ వెట్టిన."

"ఫికర్ జెయ్యకు అన్నా. ముక్కను తిరిగేసి పెడత," అన్నాడు దేవదాస్. "మంచి చెంప ముందటికి వస్తది, అరిగింది వెనుకకు పోతది. చక్రం గూళ్లు ఆకురాయితోని జర సాపు జేస్త. కని తిరిగేసుడు ఒక్కపారే. మూడో చెంప లేదు దీనికి. మళ్ల మెల్లగ నూకితె గిది గూడ గట్లనే అయితది. గీ తీరు మోటర్లు ఇప్పుడు చేస్తలేరట, కొత్త ముక్క యాడ దొరకది."

మధ్యాహ్నానికి బిగించారు. ఖాళీ పడవకు తగిలించి రేవులోనే చూశారు, ఒడ్డు పక్కనే కదా అని నేనూ ఎక్కి కూచున్నాను. దేవదాస్ ఇంజను అందుకున్నాక చప్పుడు తగ్గించి, పిడికి అరచేత్తో ఒక్కటిచ్చాడు. ఖట్. పడవ ముందుకు కదిలింది. నడుమకు లాగాడు, మళ్లీ ఖట్.

"గంతే అన్నా. ఆలోచన చెయ్యొద్దు."

అంతయ్య కూచుని ఎడమ చెయ్యి పిడి మీద వేశాడు. కొడదామనే అనుకున్నాడు, అది మాకు కనిపించింది. సగం దూరం వేగంగా పోయిన చెయ్యి చివరికొచ్చేసరికి దానంతట అదే మెత్తబడింది. కటకట. దేవదాస్ మొహం ముడుచుకుంది. ఇంకోసారి. మళ్లీ కటకట. ఒకసారి ఖట్‌మంది, మేమిద్దరం తలలు ఊపాం, ఆ తర్వాతది మళ్లీ కటకట. ప్రతి చప్పుడుకూ ఆ మిగిలిన మంచి చెంప ఎంత అరుగుతోందోనని నేను మోటారు కాలి వంకే చూశాను.

అంతయ్య తనే ఇంజను ఆర్పేశాడు. చేతిని ఒళ్లో పెట్టుకుని పరాయివాళ్ల చెయ్యిని చూసినట్టు చూశాడు.

"గిది ఇనది. చిన్నప్పటిసంది దీనికి ఒక్కటే మాట చెప్పిన. ఇప్పుడు ఇంకోటి చెప్తె ఇంటదా? ఉన్నదాన్ని గూడ కరాబు చేస్త. హనుమండ్లుకు కబురు పంపుత సారూ. బాయికే పోత."

అప్పుడే ఐలవ్వ అన్నం తీసుకుని వచ్చింది. ఆ ఆఖరి మాట విన్నది. నెత్తి మీది గంప దించి పడవ అంచు మీద పెట్టింది. పెట్టింది అని నేను మర్యాదకు అంటున్నాను, ధన్‌మని పడేసింది. పడవ అంతా అదిరింది. ఎప్పటిలాగే ఆమె మొహం చిన్నబోయింది, చెయ్యిని కొంగులోకి లాక్కుంది.

అంతయ్య ఉలిక్కిపడి ఆమెను చూశాడు. ఆ చూపు మొహం మీంచి కొంగు చాటు చేతిమీదికి దిగి అక్కడే ఆగిపోయింది.

"గిటు రా," అన్నాడు.

"ఎటు?"

"గీడికి. నా పక్కకు." తోక దగ్గరి చెక్క మీద జరిగి చోటిచ్చాడు.

ఐలవ్వ కదల్లేదు. "నాకేమన్న పిచ్చి లేసిందా? నేనాడ కూసుంటె మీ అవ్వ గంగలకెల్లి లేసొస్తది."

"రానియ్యి. వస్తె నేను మాట్లాడుత."

"జనమేమంటరు?"

"జనం నాకు బాయి కాడ గంగను సూపిస్తరా?" ఎడమ చెయ్యి ఎత్తి చూపాడు. "ఐలీ, నాకు గంగ గావాలె. నా చెయ్యితోని అయితలేదు. నీ చెయ్యి గావాలె."

ఆమె భర్తను చూసింది, దేవదాస్‌ను చూసింది, నన్ను చూసింది. మేమిద్దరం ఇసుకను చూస్తున్నాం. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, పడవెక్కి, ఆ చెక్క కొసన, కాలుతుందేమో అన్నట్టు కూచుంది. దేవదాస్ తాడు లాగి ఇంజను అందించాడు.

"తలుపు వేసినట్టు అక్కా, ఒక్కటే దెబ్బ," అన్నాడు.

"ఏ తలుపో కాదు, మీ ఇంటి తలుపు వేసినట్టు వెయ్యి ఐలవ్వా," అన్నాను నేను.

ఆమె నన్ను ఉరిమి చూసింది. ఆ కోపం చల్లారకముందే కొట్టింది. ఖట్. పడవ ఒక్క ఊపున ముందుకు దూకింది, అన్నం గంప నా ఒళ్లో పడింది. "నడుమకు," అన్నాడు అంతయ్య. ఖట్. "ముందటికి." ఖట్. ఎన్నిసార్లు కొట్టినా ఒకటే చప్పుడు, కటకట అన్నది మచ్చుకైనా లేదు. దేవదాస్ నవ్వుతూ తల పట్టుకున్నాడు. అంతయ్య నవ్వలేదు. ఆ చెక్క మీంచి లేచాడు, పడవ పొడవునా నడిచి ముందు కొసకు పోయి కూచున్నాడు. పుట్టినప్పటి నుంచి తనదనుకున్న చోటును వదిలి అంత దూరం నడవడం అతనికి ఎలా ఉందో నేను అడగలేదు.

మర్నాడు పొద్దున రేవు నిండా జనం. రాయమల్లు ఈవలి ఊళ్లలో కొన్న మేకలతో తిరుగు ప్రయాణంలో ఉన్నాడు. పడవ తోకన ఐలవ్వను, ముందు కొసన గడ పట్టుకుని నిలబడ్డ అంతయ్యను చూసి అందరూ నీళ్ల అంచున ఆగిపోయారు.

"గిదేంది అంతన్నా?" అన్నాడు రాయమల్లు.

"మోటరు ఆమె పట్టుకుంటది. దారి నేను చూపుత. మళ్లొకపారి అని నువ్వే గద అన్నవు? గిదే ఆ పారి."

ఎవరూ ఎక్కలేదు. ఒక ముసలాయన "ఆడిది తోకకాడ..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఐలవ్వ తల వంచుకుంది. కొంగులోకి పోబోయిన చెయ్యిని బలవంతాన పిడి మీద ఉంచుకుంది. అది చూశాక నాకు ఆగబుద్ధి కాలేదు. ఈత రాని వాణ్ని, సూదుల పెట్టె చంకలో పెట్టుకుని ఎక్కి, తోక వైపునే, ఐలవ్వకు ఎదురుగా కూచున్నాను. నా బతుకులో నేను చేసిన ధైర్యమైన పని ఏదంటే అదే చెబుతాను.

"సూదుల సారే ఎక్కిండంటె..." అన్నాడు రాయమల్లు, మేకలను పడవలోకి తోలుతూ. నా పిరికితనం రెండు జిల్లాల్లో అంత ప్రసిద్ధం.

అంతయ్య వంగి గంగను తాకి కళ్లకు అద్దుకున్నాడు. ఎడమ చెయ్యి ముందుకు చాపాడు. ఖట్. బయలుదేరాం. అతను వెనక్కి తిరిగి చూడలేదు. నీళ్ల రంగు చూస్తూ, గడతో లోతు చూస్తూ, ఇసుకమెట్ట ఉన్నచోట చెయ్యి కుడికి, సుడి ఉన్నచోట ఎడమకు ఊపుతున్నాడు. ఐలవ్వ ఆ చెయ్యినే చూస్తూ తిప్పుతోంది. నడిగంగ వచ్చింది. ఎప్పుడూ పిడి జారే చోటు. జనం మాటలు ఆగిపోయాయి, మేకలు కూడా ఆగినట్టే నాకు అనిపించింది. ప్రవాహం పడవను నెట్టింది, ఇంజను గొంతు బరువెక్కింది. నేను పిడినే చూస్తున్నాను. అది జారలేదు, వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఆవలి ఒడ్డు దగ్గరపడ్డాక అంతయ్య అరచెయ్యి కిందికి దించాడు. ఖట్‌మని పిడి నడుమకు వచ్చింది. పడవ తన ఊపు మీద తాను సాగుతుంటే, అతను మంచి చేత్తో గడను నీళ్లలో వేసి ఆనించాడు. చప్పుడు కాలేదు. పడవ బండను తాకకుండా ఆగింది.

జనం దిగారు. రాయమల్లు మేకలన్నీ దిగేదాకా ఉండి, "మంచిది అంతన్నా," అన్నాడు. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగి, "మంచిది వదినె," అన్నాడు. ఎగువ రేవు వాళ్ల మాట ఎత్తలేదు.

నేను దిగబోతూ వెనక్కి చూశాను. ఐలవ్వ అక్కడే, పిడి మీద చెయ్యి అలాగే ఉంచి కూచుని ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏమైంది ఐలవ్వా? చెయ్యి నొచ్చిందా?"

"లే సారూ." కొంగుతో మొహం తుడుచుకుంది. "గింత చప్పుడు చేసిన గద. ఎవ్వలు తిట్టలే."

ముందు కొసన అంతయ్య ఆ మాట విన్నాడు. గడను ఒడ్డుకు ఆనించాడు.

"ఇంక అద్దరికి పోవాలె," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "గట్టిగ కొట్టు."